నవ్వులు వినపడి వచ్చిన అవ్వ

2022 ఎండాకాలం. పెద్దారవీడు దాటి నల్లమల వైపు పోతే, కొండలు మొదలయ్యే చోట పాతకాలపు రాతి బంగళా ఒకటి ఉంది. ఇంగ్లీషోళ్ళ కాలంలో వేటకు వచ్చే దొరలకూ, వాళ్ళ వెంట వచ్చే జమీందార్లకూ అది విడిది. పైకప్పు సగం కూలి, గోడల్లో రావిమొక్కలు మొలిచి ఉన్నదాన్ని ఒక సినిమా కంపెనీ వాళ్ళు నెలరోజులు కూర్చుని బాగుచేసినారు. అది పందొమ్మిది వందల నలభైల్లో జరిగే కామెడీ సినిమా. ఒక జమీందారు, ఆయన బావమరుదులు, ఒక వేట, ఒక విందు, మధ్యలో బోలెడు తికమక. దానికి పదిహేను రోజులు నేను లోకల్ మేకప్ ఆర్టిస్టుగా పనిచేసినాను.

నా పేరు షమీమ్. మార్కాపురంలో బ్యూటీ పార్లర్ నడుపుతాను. ఇరవై ఏళ్ళుగా ఇటు గిద్దలూరు నుంచి అటు దొనకొండ దాకా పెళ్ళికూతుళ్ళను తయారుచేస్తున్నాను. పూసిన ముఖాలు చాలావరకు మర్చిపోయినాను. ఏమీ పూయకుండా వదిలేసిన ముఖం ఒకటుంది. అది మాత్రం మరపు రాదు.

సినిమా మేకప్ అంటే అందం చేయడమే అనుకుంటారు చాలామంది. గుంపులో నిలబడే వాళ్ళను జూనియర్ ఆర్టిస్టులంటారు. వాళ్ళకు చేసేది దానికి పూర్తిగా వ్యతిరేకం. 'డల్' చేయడం అంటారు. ముఖంలో ఉన్న కళ తగ్గించి, రంగు ముదరబెట్టి, ఎండకు మాడినట్లు, తిండికి మాడినట్లు కనపడేలా చేయాల. అందుకోసం బొగ్గురంగు పొడి, కొంచెం నూనె, ఒక స్పాంజి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు.

నన్ను పనిలో పెట్టుకున్నది కో-డైరెక్టర్ కిరణ్. గుంటూరు వైపు పిల్లవాడు, మర్యాదస్తుడు. జమీందారు ఇంటి వాకిట్లో పనిచేసే కూలోళ్ళ వేషాలకని పక్క ఊరి నుంచి పదకొండు మంది ఆడవాళ్ళను మాట్లాడినాడు. అందరూ చర్చికి పోయే కుటుంబాల వాళ్ళే, మిరప కోతలకు, పొగాకు పనులకు పోయేవాళ్ళు. వాళ్ళకు పెద్ద సలోమి. మొదటి రోజు నా ముందు కూర్చుని, స్పాంజి ముఖానికి తగలగానే ఒక కన్ను తెరిచి అడిగింది.

"ఏందక్కా ఇది? మా నలుపు చాలదా?"

"కెమెరాకు చాలదంట సలోమీ."

ఆమె నవ్వింది. నేనూ నవ్వినాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు బాగుండదు.

హీరోయిన్ బొంబాయి పిల్ల. పాలమీగడలా ఉంటుంది. ఆమెది ఆ ఇంట్లో నీళ్ళు మోసే పనిమనిషి వేషం. రోజూ తెల్లారి నేనూ, హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద మేకప్ మాస్టారూ కలిసి రెండు గంటలు కష్టపడి ఆ పిల్లను నల్లగా చేసేవాళ్ళం. చెవుల వెనక, వేళ్ళ సందుల్లో కూడా. అంటే తెల్లపిల్లను నల్లగా చేసి ముందర నిలబెట్టినాము, నల్లోళ్ళను ఇంకా నల్లగా చేసి వెనక నిలబెట్టినాము. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు. పని పని లాగే కనపడింది.

తట్టిన మాట ఒకటుంది. సినిమాలో వంటవాడు సాయిబు. అతని చేత వంకర తెలుగు మాట్లాడిస్తున్నారు. కిరణ్ నా దగ్గరికి వచ్చి, "అక్కా, మీవాళ్ళ యాస కొంచెం నేర్పిస్తారా ఆయనకు?" అన్నాడు.

"మావాళ్ళ యాస ఇదే సార్. ఇప్పుడు నేను మాట్లాడుతున్నానే, ఇదే."

"అది కాదక్కా, కొంచెం నవ్వొచ్చేటట్టు..."

నాకు రాదని చెప్పి తప్పించుకున్నాను. అంతకు మించి ఏమీ అనలేదు. రేపటి నుంచి రావద్దంటారేమో అని భయం.

ఇంక ఆ బంగళా సంగతి చెప్పాల. వరండా పొడుగునా వట్టివేళ్ళ తడికెలు కట్టినారు, పాతకాలంలో ఉండినట్లే. వేసవిలో ఆ తడికెల మీద బయట నుంచి నీళ్ళు కొడుతూ ఉంటే లోపల చల్లగా, కమ్మగా ఉంటుంది. లోపల కూర్చున్న వాళ్ళకు వాకిలి కనపడదు. వాకిట్లో నీళ్ళు కొట్టే మనిషికి లోపలున్న వాళ్ళు కనపడరు, మాటలు మాత్రం వినపడతాయి. కథలో హీరోయిన్ పని అదే, తడికెలు తడపడం. లోపల విందు జరుగుతుంటే బయట ఆమె ఎండకు కళ్ళు తిరిగి పడిపోతుంది. లోపలి వాళ్ళు వచ్చి చూసి దయ్యం పట్టిందనుకుని కంగారుపడతారు. ఒకడు వేపమండలతో కొడతాడు, ఒకడు పంచె ఊడిపోతుంటే పరుగెత్తుతాడు. చివరకు ఆమె టక్కున లేచి అందరినీ తిట్టి పోతుంది. సినిమాలో అందరికంటే ఎక్కువ నవ్వించే సీను అదేనని డైరెక్టర్ రోజూ అనేవాడు.

ఆ సీనుకు ముందు రెండు రోజులు విందు షాట్లు తీసినారు. కావాల్సింది నవ్వులు. జమీందారు, బావమరుదులు, ముప్ఫై మంది అతిథులు పగలబడి నవ్వాల. ఊరికే నవ్వమంటే ఎవరికి వస్తుంది? అందుకని డైరెక్టరే మైకులో ముందు తాను నవ్వి చూపించేవాడు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, మాట మెత్తన. కానీ ఆ నవ్వు ఆయన గొంతులాగా ఉండేది కాదు. ముందు ముక్కుతో రెండు చిన్న నవ్వులు, ఆ తర్వాత లోతు నుంచి వచ్చే పెద్ద నవ్వు. స్పీకర్లలో అది కొండకు తగిలి వెనక్కి వచ్చేది. దాని వెంట ముప్ఫై మంది నవ్వేవాళ్ళు. 'కట్' అనగానే బటన్ నొక్కినట్లు అందరి నవ్వూ ఒక్కసారి ఆగిపోయేది. ఆ ఆగిన క్షణంలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలని ఎండ. ఆ నిశ్శబ్దమే నాకు బాగుండేది కాదు.

రెండో రోజు సాయంత్రం కిరణ్ నన్ను మానిటర్ దగ్గరికి పిలిచినాడు. షాటు షాటుకు మేకప్, బట్టలు ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోవడాన్ని కంటిన్యుటీ అంటారు. దానికోసం రోజు చివర బొమ్మలన్నీ తిప్పి చూస్తారు.

"అక్కా, లేడీస్ ఎంతమందికి మేకప్ వేశారు?"

"పదకొండు."

"మరి ఇక్కడ పన్నెండు మంది ఉన్నారు చూడండి."

వేలు పెట్టి లెక్కపెట్టినాను. పక్క కెమెరా తీసిన షాటు అది. వాకిట్లో సలోమి వాళ్ళు దంచుతున్నారు, చిమ్ముతున్నారు. దూరంగా, ప్రహరీ కూలిన మూల, తెల్ల చీరలో ఒక మనిషి నిలబడి ఉంది. ముఖం తేటగా లేదు. కెమెరా వైపు కాదు, తడికెల వైపు చూస్తున్నది.

"ఎవరో ఊరావిడ చూడ్డానికి వచ్చి ఉంటుంది. రేపు పక్కకు పంపించండి," అని కిరణ్ లేచిపోయినాడు.

నేను కూర్చుని మిగతా బొమ్మలు తిప్పినాను. పొద్దున తొమ్మిదిన్నర షాటులో ఉంది. మధ్యాహ్నం రెండున్నర షాటులో ఉంది. ఆ మధ్యలో నీడలన్నీ ఇటువి అటు తిరిగినాయి, ఆమె నిలబడిన తీరు మాత్రం వీసమెత్తు మారలేదు. అడుగులు అక్కడే, చేతులు అట్లనే. ఇంకో సంగతి కూడా చూసినాను. నవ్వులున్న ప్రతి షాటులో ఆమె ఉంది. నవ్వు లేని షాట్లలో ఆ మూల ఖాళీగా ఉంది.

మరునాడు సలోమికి ఫోన్‌లో తీసి పెట్టుకున్న ఆ బొమ్మ చూపించినాను.

"మావాళ్ళు కాదక్కా. రెండు ఆటోల్లో పదకొండు మందిమే వచ్చినాం." కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "కాళ్ళు కనపడతాన్నాయా?" అన్నది.

"కనపడతాన్నాయి."

"అయితే మనిషే," అన్నది గానీ, ఫోన్ నా చేతికిచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకుని గొణుక్కుంటూ ప్రార్థన చేసుకున్నది. ఆ రోజంతా ఆ ఆడవాళ్ళు ఎవరూ ఆ మూల వైపు పోలేదు.

పదకొండున్నరకు, మిగిలిన విందు షాటుకని, మైకులో మళ్ళీ నవ్వు మొదలైంది. నేను స్పాంజి పక్కన పెట్టి, వెనక దోవన బంగళా చుట్టూ తిరిగి ఆ మూలకు పోయినాను. మేకప్ సామాన్లు పెట్టుకున్న పరదా డేరా నుంచి అక్కడికి నూరడుగులు కూడా ఉండవు. అయినా చెప్పుల్లో కాళ్ళు కాలుతున్నాయి. గోడ మలుపు తిరగ్గానే కనపడింది.

ఎనభై దాటిన మనిషి. బక్కగా, నిటారుగా, చెప్పులు లేకుండా ఆ కాలే రాళ్ళ మీద నిలబడి ఉంది. కొంగు నెత్తిన కప్పుకుని లేదు. మన ఎండలో ముసలోళ్ళు ఎవరైనా కొంగు కప్పుకోకుండా ఉంటారా?

"అవ్వా," అన్నాను.

ఆమె తల తిప్పలేదు. "నవ్వుతాండారు గదమ్మా. ఆపినాక మాట్లాడు."

నేను నోరు మూసుకుని పక్కన నిలబడినాను. ఇటు నుంచి చూస్తే తడికెలు, వాటి వెనక నవ్వులు. మనుషులు లేరు. నవ్వులు మాత్రమే. అంతమంది నడుమ తిరుగుతూ పనిచేసినప్పుడు నాకు అది షూటింగు. ఇక్కడ నిలబడితే అది వేరేగా ఉంది. కట్ అన్నారు. నవ్వు తెగిపోయింది. అప్పుడు అవ్వ నా వైపు తిరిగింది.

"ఎవరవ్వా నువ్వు? ఎవరు రమ్మన్నారు?"

"ఎవురూ రమ్మన్లే. నా పేరు సంతోషమ్మ. ఈ ఎనకమాల పల్లెలో ఉంటా. మల్లా నవ్వులు ఇనపడినాయి. వచ్చినా."

"మళ్ళీ అంటే?"

ఆమె చూపు మళ్ళీ తడికెల మీదికే పోయింది.

"ఎండలో ఎందుకు నిలబడినావు? అటు నీడకు రా."

"మాయమ్మ ఈడనే నిలబడమన్నాది. కదలొద్దన్నాది."

"మీ అమ్మా? ఎప్పుడన్నది అవ్వా?"

"ఆ పొద్దు," అన్నది, నిన్ననో మొన్ననో జరిగినట్లు.

ఆ తర్వాత నేను చేయాల్సింది కాసిని నీళ్ళిచ్చి, చెయ్యి పట్టుకుని ఆమెను ఇంటి దగ్గర దిగబెట్టడం. నేను చేసింది కిరణ్ దగ్గరికి పరుగెత్తి, దొరికింది సార్ అని చెప్పడం.

డైరెక్టర్ స్వయంగా వచ్చినాడు. అవ్వ ముఖం చూసి ఆయన కళ్ళు మెరిసినాయి.

"ఇదే నేను అడుగుతున్న ఫేస్! ఈ మట్టి మనుషులకు మన సినిమాలో చోటుండాలి, రిప్రజెంటేషన్ ఉండాలి అని మొదటి రోజు నుంచీ చెప్తున్నానా లేదా?" అన్నాడు కిరణ్‌తో. నా వైపు తిరిగి, "మేడమ్, కొంచెం డల్ వేసి, పళ్ళకు నలుపు పూయండి. హీరోయిన్ పడిపోయినప్పుడు పక్కన ఈ అవ్వ గుండెలు బాదుకుంటూ దయ్యం దయ్యం అని అరుస్తుంది. హాల్ దద్దరిల్లిపోతుంది," అన్నాడు.

అవ్వను తీసుకొచ్చి అద్దం ముందు కుర్చీలో కూర్చోబెట్టినాను. నీళ్ళిస్తే రెండు గుక్కలు తాగింది. బొగ్గురంగు పొడి కలిపి స్పాంజి తడిపినాను. అప్పటికే హీరోయిన్ మా వెనక పరుపు మీద పడటం ప్రాక్టీసు చేస్తున్నది. కడవ చంకన పెట్టుకుని, కళ్ళు తేలేసి, దబ్బున పడటం, లేవడం. మళ్ళీ పడటం, లేవడం. అదంతా అద్దంలో అవ్వకు కనపడుతున్నది. నేను స్పాంజి ఎత్తేసరికి అవ్వ నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. అంతసేపు ఎండలో ఉండి వచ్చిన చెయ్యి.

"ఆ పిల్ల ఎందుకు పడతాంది?"

"సినిమా అవ్వా. తడికెలు తడుపుతా తడుపుతా ఎండకు పడిపోతాది."

"లోపల నవ్వుతాండేది అందుకేనా?"

కడవతో ఆ పిల్ల మళ్ళీ పడింది. అద్దంలోకి చూస్తూనే అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పైకీ లేదు, కిందికీ లేదు.

"మాయమ్మ పేరు పోలమ్మ. ఈ బంగళాలో తడికెలకు నీళ్ళు కొట్టేది. తాగే నీళ్ళు కాదు గాబట్టి మమ్మల్ని ముట్టుకోనిచ్చినారు. వరండా ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఆ పొద్దు దొరలు వేట నుంచి వచ్చినారు. లోపల విందు. నాకు ఆరేడేండ్లు ఉంటాయేమో. నన్ను ఆ మూల నిలబెట్టి, కదలొద్దు పాపా, కదిలితే తిడతారు అన్నాది. పొద్దున్నుంచి కొడతానే ఉండాది నీళ్ళు. మద్దేనానికి పడిపోయింది. లోపల నవ్వుతానే ఉండారు. నన్ను కదలొద్దన్నాది గదా, నేను కదలలే. తడికెలు ఎండినాక, లోపల ఉక్కపోసినాక, అప్పుడు అరిసినారు. నీళ్ళు కొట్టవేమే అని. ఎవురు పలుకుతారు?"

హీరోయిన్ పడటం ఆపేసింది. మాటలు అర్థం కాకపోయినా మా ముఖాలు చూసి ఆగింది. డైరెక్టర్ ఎప్పుడు వచ్చినాడో తెలీదు, పరదా గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ తర్వాత బయటికి వచ్చినారు," అన్నది అవ్వ. "గాలి సోకింది అన్నాడు ఒకాయన. వంటాయన చేత వేపమండలతో కొట్టించినారు. ఒకాయన పంచె తట్టుకుని పడినాడు. దానికీ నవ్వినారు."

డైరెక్టర్ ముఖంలో రంగు పోయింది. నేను రంగులతో బతికే మనిషిని, ముఖంలో నుంచి రంగు పోవడం అంటే ఏందో ఆ రోజే చూసినాను.

"ఇది... ఈ సీను నేను రాసింది కాదు," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "మా తాతగారు చెప్పేవారు. కుర్రతనంలో జమీందారు గారి వెంట ఇక్కడికి వేటకు వచ్చారట. మా ఇంట్లో ఏ పండక్కి కలిసినా ఈ కథ చెప్పించుకుని నవ్వుకునేవాళ్ళం. ఈ బంగళా వెతికి పట్టుకున్నది కూడా అందుకే." చిన్నపిల్లవాడు అడిగినట్లు అడిగినాడు. "కానీ అవ్వా, చివర్లో ఆవిడ లేచి అందరినీ తిట్టి వెళ్ళిపోయిందని చెప్పేవారే తాతగారు?"

"లేయలేదు నాయనా," అన్నది అవ్వ. "నేను ఆడనే ఉండినా గదా. పొద్దుగూకినాక మా నాయన వచ్చి మాయమ్మను ఎత్తుకున్నాడు. అప్పటిదాకా నేను కదలలే."

అవ్వ కుర్చీలో నుంచి ఇటు తిరిగి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మైకులో ముందు నవ్వేది నువ్వేనా?"

ఆయన తలూపినాడు.

"అనుకున్నా. మీ తాత ముఖం నేను చూడలే నాయనా, తడికెలు అడ్డం. నవ్వు తెలుసు. రెండు చిన్నవి, తరవాత పెద్దది. అది ఇనే వచ్చినా."

డైరెక్టర్ అక్కడే నేల మీద కూర్చుండిపోయినాడు. నేను స్పాంజి పిండి, నీళ్ళు పారబోసినాను. కిరణ్ మెల్లగా, "అక్కా, మేకప్..." అంటుంటే, "ఈమెకు నేను పూయను సార్. ఇంకెవరి చేతనైనా పూయించుకోండి," అన్నాను. పనిలో వద్దు అన్నది అదే మొదటిసారి. సలోమి వాళ్ళు పదకొండు మందీ అప్పటికే పరదా చుట్టూ చేరి ఉన్నారు. ఎవరూ గొడవ చేయలేదు. సలోమి వచ్చి అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ బొబ్బలెక్కిన పాదాలకు తడిగుడ్డ వేసింది. హీరోయిన్ ఏమైందని అడిగితే నేను మా ఇంటి ఉర్దూలో చెప్పినాను. ఆ పిల్ల నా పెట్టెలో నుంచి దూది తీసుకుని తన ముఖం తానే తుడుచుకోవడం మొదలుపెట్టింది. సగం తుడిచి ఏడుస్తూ ఆపేసింది. సగం నలుపు, సగం తెలుపు ముఖంతో అట్లనే కారులో కూర్చుని హోటల్‌కు పోయింది. ఆ రోజుకు ప్యాకప్, అంటే షూటింగు ముగించినట్లు చెప్పినారు.

మరునాడు డైరెక్టర్ పడిపోయే సీను మొత్తం వద్దని కొట్టేసినాడు. యూనిట్లో చాలామంది గొణిగినారు, సినిమాకు ప్రాణం పోయిందని. ఆయన వినలేదు. నవ్వుల షాట్లు మిగిలి ఉంటే మైకు ముట్టుకోకుండా, సౌండు స్టూడియోలో కలుపుకుంటామన్నాడు. అవ్వ మళ్ళీ రాలేదు. ఆఖరి రోజు ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి పోయినాడు. రెండు గదుల పక్కా ఇల్లు, గోడకు వాక్యం రాసిన క్యాలెండరు. "ఆ మూలలో మీరు నిలబడిన షాట్లు అట్లాగే ఉంచుతాను అవ్వా. అందరూ చూస్తారు," అన్నాడు.

"చూస్తే చాలు నాయనా," అన్నది ఆమె.

మరుసటి ఏడాది సినిమా వచ్చింది. సలోమిని, సంతోషమ్మ అవ్వను ఆటోలో మార్కాపురం తీసుకొచ్చి మాట్నీకి కూర్చోబెట్టినాను. జనం బాగానే వచ్చినారు. విందు సీను రాగానే నేను ముందుకు వంగినాను. తడికెలు, నవ్వులు, వాకిట్లో దంచుతున్న సలోమి. ఆ మూల వచ్చింది. గోడ ఉంది. కూలిన రాళ్ళున్నాయి. మనిషి లేదు.

నేను తప్పు చూసినానేమో అనుకున్నాను. రెండో షాటు. గోడే.

"నేనేది మే?" అని అవ్వ నా చెవిలో అడిగింది.

ఏమైందో ఆ తర్వాత కిరణ్ ఫోన్‌లో చెప్పినాడు. ఎడిటింగ్ చివర్లో నిర్మాతల తరఫు వాళ్ళు చూసి, ఎవరీ పన్నెండో మనిషి, బట్టలు కలవలేదు, కంటిన్యుటీ తప్పు అన్నారంట. గ్రాఫిక్స్‌లో తుడిపించినారు. అప్పటికి డైరెక్టర్ మాట అక్కడ చెల్లడం లేదు. ఆ పాడు సీను పోయినందుకు సంతోషించాల్నో, దాంతో పాటే మనిషి కూడా పోయినందుకు ఏడవాల్నో నాకు తెలీలేదు.

థియేటర్లో నేను అవ్వకు జవాబు వెతుక్కుంటుండగానే పొద్దున తొమ్మిదిన్నరకు తీసిన షాటు వచ్చింది. జమీందారు బావమరిది ఏదో అన్నాడు, హాలంతా గొల్లుమన్నది. ఆ నవ్వుల మధ్యలో చూసినాను. మూలన ఎవరూ లేరు. కానీ ఆ మూల నుంచి వాకిట్లోకి, తడికెల దాకా, పొడుగ్గా ఒక నీడ పడి ఉంది. మనిషిని తుడిపినారు, నీడను తుడపడం మర్చిపోయినారు. నేల మీద ఒంటరిగా, కదలకుండా ఉంది.

అవ్వ సీట్లో నుంచి సగం లేచి ముందు సీటు పట్టుకుంది.

"అదిగో మాయమ్మ."

"అవ్వా, అది నీ నీడే," అన్నాను మెల్లగా. "ఆ పొద్దు నువ్వు నిలబడినావే, అదే."

ఆమె నన్ను జాలిగా చూసింది. "నాదెట్లైతాది? నేను ఈడుండా గదా."

షాటు మారిపోయింది. సలోమి నా రెండో పక్క నుంచి చెయ్యి చాపి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సినిమా అయ్యేదాకా ముగ్గురం అట్లనే కూర్చున్నాము. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. తిరిగి పోయేటప్పుడు అవ్వ ఆటోలో ఒక్కటే మాట అన్నది, వాళ్ళమ్మ బాగా కనపడిందని. అవ్వ ముఖం తేటగా ఉంది. నిద్ర పట్టనిది నాకే. ఆ సినిమా తర్వాత ఫోన్లో చూసినాను, ఆ షాటు దగ్గర ఆపి చూసినాను. నీడ ఉంది. ఎవరిదో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను.

ఈ సంగతి నాకు నేర్పింది ఇది. మనిషిని తెర మీద చూపించడం వేరు, ఆ మనిషి ఎవరో తెలుసుకోవడం వేరు. రెండోది లేకుండా మొదటిది చేస్తే నవ్వించడానికి వాడుకుంటాం, లేకపోతే తప్పు దొర్లిందని తీసేస్తాం. ఆ పదిహేను రోజులు నా చేతిలో స్పాంజి ఉంది, కళ్ళ ముందు పదకొండు ముఖాలున్నాయి. ఒక్కరిని కూడా మీ అవ్వ ఏం చేసేది, మీ తాత ఎక్కడ ఉండేవాడు అని అడగలేదు. వాళ్ళ కథే తీస్తున్నామని చెప్పుకుంటూ.

నిరుడు కిరణ్ సొంతంగా సినిమా మొదలుపెట్టి, యర్రగొండపాలెం దగ్గర పాతకాలపు సీన్లు ఉన్నాయి రమ్మని పిలిచినాడు. పోయినాను. నలుపు మీద నలుపు పూయనని ముందే చెప్పినాను, సరేనన్నాడు. కంటిన్యుటీ షీటు మీద ఒక్కొక్కరి పక్కన రంగు నెంబరు వేస్తారు. నేను వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ నెంబరు పక్కనే రెండు ముక్కలు రాసినాను. ఈమె అవ్వ అడవిలో తేనె తీసేది. ఈమె తాత రైలు కట్ట వేసేటప్పుడు రాళ్ళు మోసినాడు. ఈమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు, అడుగుతానన్నది.

సాయంత్రం కిరణ్ ఆ షీటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చదివినాడు.

"బాగుందక్కా. కానీ ఇదంతా ఎడిటింగ్ వాళ్ళకు ఎందుకు?"

"తుడపాల్సి వస్తే, ఎవరిని తుడుపుతున్నారో తెలియాల గదా సార్," అన్నాను.